ఉప్పు కాని ఉప్పు

హైదరాబాద్‌లో కిడ్నీ డాక్టరు చెప్పిన పత్యాన్ని ఇంటికి వచ్చాక తెల్లకాగితం మీద శుభ్రంగా రాశాను. మధ్యలో గీత కొట్టి, ఎడమవైపు తినదగినవి, కుడివైపు తినకూడనివి. కుడివైపు పదకొండు వరుసలు వచ్చాయి. ఉప్పు. పచ్చళ్లు. అప్పడాలు. ఎండుచేపలు. పప్పు. టమాట. ఆకుకూరలు. బత్తాయి. అరటిపండు. కొబ్బరినీళ్లు. మామూలు నీళ్లయినా రోజుకు లీటరు దాటకూడదు. కాగితాన్ని వంటింటి గోడకు అంటించి, అమ్మకు చదువు రాదు కనుక ఒక్కొక్కటి చదివి వినిపించాను.

అమ్మ పీట మీద కూర్చుని మొత్తం విన్నది.

"తినొద్దన్నయి కింద దాక ఉన్నయ్. తినేటి దిక్కు సగం కాయితం ఖాళీగనే ఉన్నది గదరా" అన్నది.

"సొరకాయ తినొచ్చు. బీరకాయ తినొచ్చు. అన్నం తినొచ్చు."

"ఉప్పు లేకుంటనా?"

"లేకుంటనే."

"అయితే తినొచ్చు అనకు, మింగొచ్చు అను."

అది తొంభై ఎనిమిది ఎండాకాలం. నేను పాలిటెక్నిక్‌లో కెమికల్ డిప్లొమా పూర్తి చేసి, జడ్చర్ల దగ్గర మందుల ముడిసరుకు తయారు చేసే ఒక కార్ఖానాలో పరీక్షల గదిలో పనికి కుదిరి రెండేళ్లయింది. వచ్చిన డ్రమ్ములోంచి నమూనా తీయడం, తూచడం, కరిగించడం, అంకె రాయడం నా పని. మా ఊరు అక్కడికి ఏడు కిలోమీటర్లు. సైకిలు మీద పోయి వచ్చేవాణ్ని. బాపు గొర్లు కాసేవాడు. అక్కను షాద్‌నగర్‌లో ఇచ్చాం. ఇంట్లో ఉండేది ముగ్గురమే.

అమ్మకు అప్పటికి కాళ్ల వాపు వచ్చి ఆరు నెలలు. రెండు కిడ్నీలూ ముప్పావు వంతు పోయాయని, ఇక తిండే మందని, పత్యం కుదిరితే రక్తాన్ని శుభ్రం చేసే మిషను ఎక్కించే రోజును కొంతకాలం వెనక్కి నెట్టవచ్చని డాక్టరు చెప్పాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు. పత్యం పేరుతో ఆమె తినడం మానేస్తే కండ కరిగిపోతుంది, అది ఇంకా ప్రమాదం అని. ఆ మాటను నేను కాగితం మీద రాయలేదు. అది ఏ వైపు రాయాలో తెలియలేదు.

మిగతా వాళ్లకు ఉప్పు మానడం ఎంత కష్టమో నాకు తెలియదు కానీ, అమ్మ విషయం వేరు. మా దిక్కు పండుగ వంటను దేవునికి పెట్టకముందు ఎవరి నాలుకకూ తగలనియ్యరు. ఉప్పు సరిపోయిందా లేదా అని చూడటానికి వీలులేదు. కనుక చెయ్యి కుదిరిన మనిషి ఎవరో ఒకరు వాడకట్టు మొత్తానికి ఉప్పు వేస్తారు. మా వాడకట్టులో ఆ చెయ్యి అమ్మది. సద్దుల బతుకమ్మ నాడు పొద్దుటి నుంచి ఆడవాళ్లు బేసన్లలో పులిహోర, నువ్వుల సద్ది, పెరుగన్నం పట్టుకొని మా గుమ్మం ముందుకు వచ్చేవారు. అమ్మ బేసన్ వంక ఒకసారి చూసేది, రెండు మెతుకులు వేళ్ల మధ్య నలిపేది, పిడికిట్లో ఉప్పు పట్టి చల్లేది. ఒక్కోసారి పిడికిలి విప్పబోయి మళ్లీ కొంచెం డబ్బాలో రాల్చేది. ఎందుకు రాల్చిందో అడిగితే చెప్పలేకపోయేది. "బియ్యం కొత్తయి" అనేది, లేకపోతే "దానికి చాలు" అనేది. ఎవరి సద్దీ ఉప్పెక్కువైందని గానీ చప్పిడి అయిందని గానీ నేను వినలేదు.

అట్లాంటి మనిషి చప్పిడి తిండికి వచ్చింది. మొదటి పదిరోజులు బాపు కూడా ఆమెతో పాటు చప్పిడే తిన్నాడు. పదకొండో రోజు ఆమే కోప్పడింది.

"గొర్లెంబడి తిరిగెటోనివి, ఎండల కాళ్లు గుంజి యాడనో పడిపోతవ్. నిన్ను మోసుకొచ్చుడు నాతోటి కాదు. ఉప్పు తిను."

"నువ్వు తినకుంట నేనెట్ల తింట?"

"నోటితోటి."

జూన్‌లో రెండు పూటలా తినేది. జులైలో ఒక పూట. ఆగస్టులో పళ్లెం ముందు కూర్చుని మెతుకులను ఒకవైపు నుంచి ఇంకోవైపుకు జరిపేది. నేను నెలకోసారి బడేపల్లిలో రైసు మిల్లు కాంటా మీద ఆమెను నిలబెట్టి బరువు రాసుకునేవాణ్ని. యాభై ఒకటి. నలభై ఎనిమిది. నలభై అయిదు. కాంటా దగ్గర హమాలీ ఆమెను చూసి "బస్తా తీరుగ కూసోవమ్మా, ముల్లు ఊగుతాంది" అని నవ్వాడు. అమ్మ కూడా నవ్వింది. వాపు తగ్గితే బరువు తగ్గుతుందని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఆమె చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మోచేతికి వాపు ఎప్పుడూ లేదు.

ఆ రోజుల్లోనే మహబూబ్‌నగర్ బస్టాండు దగ్గర ఒక టైపింగ్ ఇన్‌స్టిట్యూట్ వెనుక గదిలో ఇంటర్నెట్ వచ్చింది. రెండు కంప్యూటర్లు, ఒకటే ఫోను లైను. హైదరాబాద్‌కు ట్రంకాల్ చేసినట్టు ఫోను కలవాలి, కలిసినా మధ్యలో తెగిపోయేది. దాన్ని నడిపే ఆయన నాకన్నా పదేళ్లు పెద్ద, అందరూ భాయ్ అనేవాళ్లు. అంతకుముందు అదే గదిలో ఎస్టీడీ బూత్ నడిపాడు. కార్ఖానాలో మా పై ఆఫీసరు ఏవో రసాయనాల వివరాలు తెమ్మని నన్ను ఒకసారి పంపాడు, అట్లా అలవాటైంది. ఆగస్టు నుంచి ప్రతి ఆదివారం సొంత పని మీద పోవడం మొదలుపెట్టాను. ఉప్పు లేకుండా మనిషికి నోటికి పట్టేట్టు ఎట్లా వండాలి? ఈ ప్రశ్నకు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట జవాబు ఉండి తీరుతుందని నాకు గట్టి నమ్మకం.

తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు. ఇంగ్లిషులో దొరికిన వాటిని నోట్‌బుక్‌లో మూడు రకాలుగా విడగొట్టాను. ఆస్పత్రుల పేజీలు: అవి వద్దన్నవే మళ్లీ వద్దనేవి. అమ్మకానికి పెట్టిన పుస్తకాల పేజీలు: అవి ఏమీ చెప్పేవి కావు. మూడోది, దూరదేశాల ఆడవాళ్లు తమ పండుగ వంటల గురించి సొంతంగా రాసుకున్న పేజీలు. వీటిలోనే ఏదో ఒకటి పనికివచ్చేది. దసరాకు మూడు వారాల ముందు అట్లాంటి పేజీ ఒకటి తగిలింది. దాని పేరే "ఉప్పు లేని పండుగ భోజనం". రాసినామె భర్తకు గుండె జబ్బు, రక్తపోటు. రెండేళ్లు పండుగ పూట ఆయన పళ్లెం తోసేశాడట. మూడో ఏడు తాను ఏం చేసిందో వరుస అంకెలు వేసి రాసింది. అంకెలు వేసి రాసే మనిషి మీద నాకు వెంటనే గురి కుదిరింది.

పేజీ మధ్యలో ఫోటో పై నుంచి కిందికి, ఒక్కొక్క గీతగా దిగుతున్నది. భాయ్ నా కుర్చీ వెనుక నిలబడ్డాడు.

"గంట నుంచి ఏం దేవులాడుతున్నవ్?"

"వంటలు."

"వంటలా! అందరు నౌకరీలు దేవులాడుతరు. నువ్వు పచ్చిపులుసు దేవులాడుతున్నవా?" అని ఫోటో వంక వంగాడు. "ఏం పిట్ట ఇది? కోడికి తాతలెక్కున్నది."

"వాళ్ల పండుగ కోడి."

"దీనికి ఎంత ఉప్పు పట్టాలె యా అల్లా!"

"ఉప్పు లేకుంటనే చేస్తదట."

భాయ్ ముఖం మారింది. "ఉప్పు లేకుంటనా? ఆమె మొగడు ఏం గునా చేసిండు, ఏం పాపం చేసిండు?"

మా అమ్మ సంగతి చెప్పాను. ఆయన పోయి రెండో కంప్యూటర్ మీదున్న పిల్లవాణ్ని లేపి, లైను మొత్తం నాకే వదిలాడు.

ఆమె రాసినవి ఆరు. ఒకటి, పులుపు పెంచాలి. రెండు, దినుసులను పచ్చిగా కాక వేయించి దంచాలి. మూడు, వెల్లుల్లి ధారాళంగా. నాలుగు, కారం చివరలో. అయిదు, కలపకుండా పైన చల్లితే నాలుకకు ఎక్కువ తెలుస్తుంది. ఆరు, దుకాణాల్లో ఉప్పుకు బదులుగా అమ్మే తెల్లపొడి. అందులో ఉండేదేమిటో కూడా రాసింది. పొటాషియం క్లోరైడ్. ఆ పేరు చూడగానే కుర్చీలో ముందుకు జరిగాను. నా బల్ల మీద, ఎడమచేతి వైపు అరలో, మూడో సీసా అది.

ఆరో అంకె కింద ఇంకొక వాక్యం ఉంది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా దీన్ని వాడకూడదు అని.

ఆ వాక్యం నేను చదివాను. నోట్‌బుక్‌లోకి ఎక్కించలేదు.

ఎందుకు ఎక్కించలేదో ఎన్నోసార్లు ఆలోచించాను. నా పని అట్లాంటి వాక్యాల మధ్యే. మా పరీక్షల గదిలో ప్రతి సీసా మీదా ఏదో ఒక హెచ్చరిక ఉంటుంది. మామూలు ఉప్పు సీసా మీద కూడా "ఆహారంగా గానీ మందుగా గానీ వాడరాదు" అనే ఉంటుంది. పొటాషియం క్లోరైడ్ సీసా మీదా అక్షరం తేడా లేకుండా అదే వాక్యం. అవి కంపెనీవాళ్లు తమ జాగ్రత్త కోసం అచ్చు వేసుకునే మాటలని మాలో అందరం అనుకునేవాళ్లం. డాక్టరు వద్దన్నది ఉప్పును, ఉప్పులో చెరుపు చేసేది సోడియం, ఈ పొడిలో సోడియం లేదు. అంతవరకు నా లెక్క సరిగానే ఉంది. కానీ గోడ మీది కాగితంలో కుడివైపు టమాట ఎందుకుంది, ఆకుకూరలు ఎందుకున్నాయి, బత్తాయి, అరటిపండు, కొబ్బరినీళ్లు ఎందుకున్నాయి అని నన్ను నేను అడుక్కోలేదు. బత్తాయి తీపి కనుక వద్దన్నాడనుకున్నాను. కొబ్బరినీళ్లు నీళ్లే కనుక వద్దన్నాడనుకున్నాను. అయిదింటిలోనూ ఉన్నది పొటాషియమే. పాడైన కిడ్నీ దాన్ని బయటికి తోయలేదు, అది రక్తంలో పేరుకుంటే గుండె ఆగుతుంది. ఆ జాబితాను అందంగా రాసింది నేనే. అందులో ఉన్నదేమిటో చదవనిదీ నేనే.

హైదరాబాద్ డాక్టరుకు ఫోను చేసి అడగవచ్చు. భాయ్ బల్ల మీద ఫోను ఉంది. అడిగితే వద్దంటాడేమోనని అనుమానం వచ్చింది. అందుకే చేయలేదు.

దసరాకు నాలుగు రోజుల ముందు ఆ పొడిని మా పరీక్షల గది సీసాలోంచి తీసి, వారానికి సరిపడా చిన్న చిన్న పొట్లాలుగా తూచి తెచ్చాను. ఒక్కో పొట్లం మీద ఏ వంటకో రాశాను: పులిహోర, నువ్వుల సద్ది, పెరుగన్నం, చారు. నాలుక మీద వేసుకుని చూశాను. ముందు ఉప్పగా, తర్వాత చేదుగా ఉంది. పులుపు ఆ చేదును కప్పుతుందని ఆమె రాసింది.

అక్క సద్దులకు ముందు రోజు వచ్చింది. అమ్మను చూసి వాకిట్లోనే ఆగిపోయింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నా మీద కోప్పడింది.

"గింత ఎండిపోయిందాక ఏం చేస్తున్నవ్ తమ్మీ? రాసుకుంట కూసున్నవా?"

నేను పొట్లాలు తీసి చూపించాను. అమ్మ ఒకటి విప్పి వాసన చూసి, చిటికెడు నాకింది.

"ఏంది ఇది?"

"ఉప్పు లెక్కనే ఉంటది. ఉప్పు కాదు."

"ఎవరు చెప్పిన్రు?"

"కంప్యూటర్ల చూసిన. వేరే దేశపామె, తన మొగనికి పండుగ పూట ఇదే పెడుతదట."

"ఆమె మొగడు బతికున్నడా?"

"ఉన్నడు. ఫోటో గూడ ఉన్నది. కోడి పక్కన నిలబడ్డడు."

"లావుగున్నడా?"

"ఉన్నడు."

"అయితే తే" అన్నది.

సద్దుల నాడు ఆడవాళ్లు బేసన్లతో వచ్చారు. జబ్బు మనిషి కదా అని ఈసారి రారేమో అనుకున్నాం, కానీ వచ్చారు. అమ్మ గుమ్మంలో గోడకు ఆనుకుని, కల్లుప్పు డబ్బా పక్కన పెట్టుకుని పదిహేను ఇళ్ల సద్దులకు ఉప్పు వేసింది. తర్వాత తన కోసం విడిగా వండిన మూడు గిన్నెలు ముందు పెట్టించుకుంది. నేను పొట్లాలు వరుసగా అమర్చాను.

"ఇది నువ్వుల సద్దిల, ఇది పులిహోరల. మొత్తం వెయ్యాలె, ఎక్కువ వెయ్యొద్దు" అన్నాను.

అక్క గుమ్మంలో ఉన్న ఒకామె వైపు తిరిగి నవ్వింది. "అమ్మకు ఉప్పు వేసుడు నేర్పుతున్నడు సూడే!"

అమ్మ పొట్లాలన్నీ విప్పి ఒక గిన్నెలో పోసింది. అటూ ఇటూ వేళ్లతో కలిపింది. "దీనికి సత్తువ లేదు. ఉప్పంత కాదు" అన్నది. ముందు రోజు చిటికెడు నాకింది కదా, దాని బలం ఎంతో ఆమె చేతికి అప్పుడే తెలిసిపోయింది. పిడికిట్లో పట్టి చల్లింది. ఆగి, మళ్లీ చల్లింది. అది నేను రాసిన లెక్కకు రెండింతలు దాటిందని నా కంటికే తెలుస్తున్నది. తూకం గురించి చెప్పబోయాను. కానీ తన తిండి మీద ఆ చెయ్యి అట్లా ఆడి ఆరు నెలలైంది. అక్క చూస్తున్నది, గుమ్మంలో ఇంకా ఇద్దరు ఆడవాళ్లు చూస్తున్నారు. నేను ఆపలేదు.

గౌరమ్మకు పెట్టాక అమ్మ తిన్నది. మూడు రకాలూ తిన్నది. నువ్వుల సద్ది రెండోసారి పెట్టించుకుంది. అక్క పెడుతుంటే బాపు గొర్ల దొడ్డి దగ్గర నుంచి లేచి వచ్చి, ఆమె నమలడం చూస్తూ నిలబడ్డాడు.

"ఎట్లున్నది?" అని అడిగాడు.

"చేదున్నది. అయినా ఉప్పున్నది" అన్నది అమ్మ, నోట్లో ముద్దతోనే.

మర్నాడు దసరా. మిగిలిన సద్ది పొద్దున తిన్నది. మధ్యాహ్నం చింతపండు చారు పోసుకుని తిన్నది, అందులోనూ గిన్నెలో మిగిలిన పొడి వేసుకుంది. సాయంత్రం అందరితో పాటు జమ్మి చెట్టు దాకా నడిచింది. నేను నోట్‌బుక్‌లో ఆ రెండు రోజులూ ఎన్ని పూటలు, ఎంతెంత తిన్నదో రాసుకున్నాను. అట్లా మూడు పూటలు వరుసగా రాయడం జూన్ తర్వాత అదే మొదటిసారి.

మూడో రోజు పొద్దున లేవలేకపోయింది.

"కాళ్లు నావి కావు" అన్నది.

నడిచినందుకు అలసట అనుకున్నాం. అక్క కాళ్లు ఒత్తింది. ఎనిమిది గంటలకు చేతులు కూడా ఎత్తలేకపోయింది. నాడి చూస్తే రెండు కొట్టుకుని ఆగుతున్నది, మళ్లీ కొట్టుకుంటున్నది. ఊళ్లో జీపు మాట్లాడి మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం. డ్యూటీలో ఉన్న డాక్టరు నా వయసువాడే. గుండెకు తీగలు పెట్టి తీసిన కాగితం వంక చూసి, వెంటనే మా వైపు తిరిగాడు.

"కొబ్బరినీళ్లు తాగించిన్రా? పండ్లేమన్న పెట్టిన్రా?"

"లేదు సారూ" అన్నాడు బాపు. "గోడకు కాయితం అంటిచ్చినం. అది దాటలే."

నేను ఆ పొడి పేరు ఇంగ్లిషులో చెప్పాను. డాక్టరు కాగితం దించి, నన్ను పక్కకు పిలిచాడు.

"ఎంత?"

పొట్లాల తూకం చెప్పాను. ఎన్ని పూటల్లో ఎంత పోయిందో సరిగ్గా చెప్పలేకపోయాను.

"ఎవరిచ్చిన్రు?"

"నేనే."

"నువ్వేం చదివినవ్?"

చెప్పాను. ఆయన అమ్మ దగ్గరికి తిరిగి పోయాడు. నరానికి ఇంజెక్షన్లు ఇచ్చి, మిషను ఇక్కడ లేదు, వెంటనే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. బాపుకు నేను చెప్పిన పేరు జబ్బు పేరులాగా వినిపించింది. "గదేం రోగం సారూ, కొత్తగ వచ్చిందా?" అని అడిగాడు. డాక్టరు నా వంక చూసి, "అవును, రక్తంల పెరిగింది" అన్నాడు. ఆ పెద్దమనిషి నాకు చేసిన దయ అది. అప్పుడు దాన్ని తీసుకున్నాను.

జడ్చర్ల దాటాక అమ్మ కళ్లు తెరిచి, గొర్లకు నీళ్లు పెట్టారా అని అడిగింది. బాపు పెట్టినమన్నాడు. షాద్‌నగర్ ఇంకా రాలేదు, రోడ్డు పక్క ఇటుకల బట్టీల దగ్గర, ఆమె నాడి మీద ఉన్న నా వేలికి ఏమీ తగల్లేదు. నేను గడియారం చూస్తూ నిమిషం లెక్కపెట్టాను. తర్వాత ఇంకో నిమిషం. అక్కకు చెప్పలేక మూడోది కూడా లెక్కపెట్టాను.

పదకొండో రోజు అయ్యాక అక్క వెళ్లబోతూ వంటింట్లో కూలబడింది. "రెండో మారు పెట్టింది నేనే. జబ్బు మనిషికి గంత తిండి పెట్టొద్దని నాకు తెల్వలే" అని తల కొట్టుకున్నది. ఆ మాట పదిరోజులుగా ఎవరికీ చెప్పకుండా మోస్తున్నదని అప్పుడు తెలిసింది. నేను అంతా చెప్పాను. పేజీలో ఉన్న వాక్యం సంగతి కూడా చెప్పాను.

అక్క ఏడుపు ఆపింది.

"చదివినవా?"

"చదివిన."

"బాపుకు చెప్పకు" అన్నది. "నిన్ను చూసుకుంటనే బతుకుతుండు." సంచి తీసుకుని గుమ్మం దాకా పోయి, వెనక్కి తిరిగింది. "మా ఇంటికొస్తే వంటింట్లకు మాత్రం రాకు తమ్మీ."

డిసెంబరులో ఒకసారి మహబూబ్‌నగర్ పోయి ఆ పేజీని మళ్లీ తెరిచాను. భాయ్ "అమ్మ ఎట్లున్నది?" అని అడిగాడు. చెప్పాను. ఆయన పోయి చాయ్ తెచ్చి పక్కన పెట్టి, గది తలుపు దగ్గరకు వేసి బయట కూర్చున్నాడు. పేజీ చుట్టూ వాళ్ల పండుగకు కొత్తగా పూలు, గంటలు అలంకరించి ఉన్నాయి. ఆరో అంకె కింద ఆ వాక్యం అట్లాగే ఉంది. నాకు జ్ఞాపకం ఉన్నంత చిన్న అక్షరాలు కావు. మిగతా అక్షరాలంతే ఉన్నాయి. ఆమెకు ఉత్తరం రాయాలని కింద ఉన్న చిరునామా నొక్కాను. ఏం రాయాలి? చెప్పవలసింది ఆమె చెప్పింది. మూసేశాను.

ఇంట్లో బాపు, నేను మిగిలాం. సాయంత్రం వంట నాది. బాపు తిని, అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లతో మాట్లాడేవాడు. ఆ చలికాలంలో ఆయనకు ఒక మాట అలవాటైంది. ఎవరు పరామర్శకు వచ్చినా, గొర్లు బేరం చేయడానికి వచ్చినా, ఎట్లాగో దాని దగ్గరికే వచ్చేవాడు.

"దవాఖానోళ్లు నోరు కట్టేసిన్రు. ఆర్నెల్లు చప్పిడి తినిపిచ్చిన్రు. నా కొడుకే కంప్యూటర్ల దేవులాడి ఉప్పు తెచ్చిండు. కడుపునిండ తిని పోయింది ఆమె. ఎంతమందికి వస్తది గా అదృష్టం?"

వాళ్లు నా వంక మెచ్చుకోలుగా చూసేవాళ్లు. నేను లోపల గిన్నెలు కడుగుతూ వింటుండేవాణ్ని. ఆయనను ఓదార్చే మాట అదొక్కటే అని నాకు తెలుసు. అక్క చెప్పొద్దన్నది అన్న సాకు కూడా ఉంది. ఆ రెండూ కలిపి నాలుగైదు నెలలు గడిపాను.

ఉగాదికి వారం ముందు, మధ్యాహ్నం, బాపుకు వరుసకు తమ్ముడయ్యే ఆయన భార్య మా ఇంటికి వచ్చింది. నాకు చిన్నమ్మ. పక్క ఊరి నుంచి ఎండలో నడిచి వచ్చింది. నీళ్లు తాగి, కొంగుతో ముఖం తుడుచుకుని బాపుతో అన్నది:

"మా ఇంటాయినకు గూడ గదే రోగమట బావా. కాళ్లు ఉబ్బినయ్. ఉప్పు బందు జేసిన్రు. పళ్లెం ఇసిరి కొడుతుండు."

"అయ్యో" అన్నాడు బాపు.

ఆమె నా వైపు తిరిగింది. "నువ్వు మీ అమ్మకు తెచ్చినవట గద కొడుకా, కంప్యూటర్ ఉప్పు. మీ చిన్నాయినకు గూడ జర తెచ్చియ్యి. పండుగ పూటన్న కడుపునిండ తింటడు."

"తెస్తడు, తెస్తడు" అన్నాడు బాపు. "వానికెంత పని. రేపే తెస్తడు."

నేను గుంజకు ఆనుకుని నిలబడి ఉన్నాను. దొరకలేదని చెప్పవచ్చు. ఇప్పుడు అమ్మడం లేదని చెప్పవచ్చు. కానీ బాపు మాట ఊరూరా తిరుగుతున్నది. ఈమెకు నేను అబద్ధం చెబితే, ఈమె ఇంకెవరినో అడుగుతుంది. నాలాంటి చదువుకున్నవాడు, సీసా చేతికందే దూరంలో ఉన్నవాడు, ఎవరో ఒకరు దొరుకుతారు. మా కార్ఖానాలోనే ముప్పై మంది ఉన్నారు.

"అది పెట్టొద్దు చిన్నమ్మా" అన్నాను. "కిడ్నీలు ఖరాబైనోళ్లు అది తింటే గుండె ఆగిపోతది. అమ్మ దానితోనే పోయింది."

చిన్నమ్మ బాపు వంక చూసింది. బాపు నవ్వబోయాడు, నేను ఏదో పరాచికం ఆడుతున్నాననుకున్నట్టు.

"ఏం మాట్లాడుతున్నవ్ రా?"

"నిజమే బాపు."

"ఎవరు చెప్పిన్రు నీకు?"

"దవాఖానల డాక్టరు. నేను అడిగినందుకు కాదు, నేనిచ్చిన అని చెప్పినంక తెలిసింది. కంప్యూటర్ల గూడ రాసే ఉండె. కిడ్నీ జబ్బోళ్లు తినొద్దని. నేను చదివిన. పట్టించుకోలే."

బాపు అరుగు మీద ఒక చేయి ఆనించి లేచాడు. మూలనున్న కర్ర తీసుకుని దొడ్డి తలుపు తెరిచాడు. అప్పుడే నీళ్లు తాగి నీడకు పడుకున్న గొర్లను లేపి, ఆ ఎండలోకి తోలుకుపోయాడు.

చిన్నమ్మ కూర్చునే ఉంది. వెంటనే లేచిపోతే బాగుండదనో, కాళ్లు రాకనో తెలియదు. కాసేపటికి నెమ్మదిగా అడిగింది.

"మరి ఆయనకు ఏం పెట్టాలె కొడుకా?"

"చప్పిడే పెట్టు. కొత్తగ ఏది పెట్టాలన్నా డాక్టర్‌ను అడిగి పెట్టు. నన్ను అడగకు."

ఆమె తల ఊపింది. ఆ ఉగాదికి చిన్నాయిన చప్పిడే తిన్నాడని తర్వాత విన్నాను. తిట్టుకుంటూ తిన్నాడట.

బాపు ఆ రోజు పొద్దు కుంకాక వచ్చాడు. నేను అన్నం, వంకాయ కూర వండి ఉంచాను. ఆయన కాళ్లు కడుక్కుని వంటింట్లోకి వచ్చాడు. మూత తీసి చూసి, మళ్లీ పెట్టాడు. అటక మీది చిన్న గిన్నె దించి కడిగి, గుప్పెడు బియ్యం పోసి, పొయ్యి ముందు కూర్చున్నాడు.

"నాది నేను వండుకుంట" అన్నాడు.

కోపంగా అనలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో రెండు గిన్నెలు ఎక్కుతున్నాయి. ఆయనది అయ్యాక పొయ్యి నాకు వదులుతాడు.